గులాబామె చేను

జూలై 3, 2011

బాపు రిటైరైన తర్వాత ఇది మొదటి ఆదివారం.

కంపెనీ రికార్డులో బాపుకు అరవై నిండాయి. అమ్మ లెక్కలో యాభై ఆరే. పనిలో చేరేనాటికి ఆయనకు మీసాలు కూడా సరిగా రాలేదట. పద్దెనిమిది నిండనివాణ్ణి గనిలోకి దించరని, వయసు అడిగినప్పుడు తన అన్న వయసు చెప్పాడు. అన్న వయసుతో దిగాడు, అన్న వయసుతోనే పైకొచ్చాడు. మధ్యలో మిగిలిపోయిన ఏళ్ళను ఏం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు.

దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఆ గడియారంతో మాకు పనిలేదు. షిఫ్టు సైరన్ మోగిన ప్రతిసారీ బాపు మంచం మీదినుంచి లేచి నిలబడతాడు. కాసేపటికి ఎందుకు లేచాడో గుర్తు తెచ్చుకుని మళ్ళీ కూర్చుంటాడు.

ఈ డైరీ కొన్నది గ్రూప్-2 చదువు కోసం. రోజూ ఏం చదివానో రాయాలి.

ఈరోజు: చదవలేదు.

జూలై 8

చదివింది: భారత రాజ్యాంగం, ప్రవేశిక. మళ్ళీ.

బాపు మాట్లాడడం లేదు. కోపం కాదు. తిన్నావా అంటే తిన్న అంటాడు, పన్నావా అంటే పన్న అంటాడు, అంతే. అమ్మ భయపడి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఊపిరితిత్తులు చూసి, కళ్ళు చూసి, మనిషి గట్టిగా ఉన్నాడన్నాడట.

"గట్టిగనే ఉన్నడు. గోడ గూడ గట్టిగనే ఉంటది," అంది అమ్మ.

జూలై 14

నేను ఫేస్‌బుక్‌లో పొలం ఆట ఆడను. స్టాఫ్ రూములో అందరూ వంకాయలు కోశాం, గుమ్మడి నాటాం అని మాట్లాడుకుంటూ ఉంటే, కంప్యూటర్ టీచర్నై ఉండి నాకు తెలియకపోతే బాగుండదని ఒక అయిదు నిమిషాలు చూస్తానంతే. ఇవాళ బడి నుంచి వచ్చి చూస్తున్నాను. వెనక ఎవరో నిలబడినట్టు అనిపించింది.

బాపు.

"గా నాగలి ఎవలిది?" అన్నాడు.

రిటైరయ్యాక ఆయన తనంతట తాను అడిగిన మొదటి మాట ఇది. తారీఖు కింద గీత గీశాను.

జూలై 15

బాపుకు ఒక ఐడీ చేశాను. ఫోటో రిటైర్మెంటు రోజుది, మెడలో దండతో. పటం కట్టించినట్టుంది, తీసెయ్యి అంటుంది అమ్మ. బాపు వద్దన్నాడు.

మౌసు పట్టడం రావడానికి చాలాసేపు పట్టింది. ఎలుకపిల్లను పట్టినట్టు, అది పారిపోతుందేమో అన్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు. దున్నించాను. వరి నాటించాను. పొద్దున నాటితే సాయంత్రానికి కోతకొస్తుందని చెప్పాను. ఆయన నా ముఖం వైపు చూశాడు.

"పొద్దున నాటితె మాపటికి కోతనా? ఇది వరా, ఉప్మానా?"

అమ్మ వంటింట్లో నవ్వింది. ఆ నవ్వు కూడా విని చాలా రోజులైంది.

జూలై 20

చదివింది: ఏమీ లేదు. కంప్యూటర్ ఖాళీ లేదు.

"జల్ది పెట్టు, చేనుకాడికి పోవాలె," అని అడిగి మరీ అన్నం పెట్టించుకున్నాడు బాపు. చేను అంటే మా ముందుగదిలో కిటికీ పక్కన బల్ల.

జూలై 24

కుదురుగా గళ్ళు గళ్ళుగా ఉన్న పొలాన్ని బాపు ఒప్పుకోలేదు. బావి ఈ మూలకు జరుపు అన్నాడు. జరిపాను. గట్టు మీద తాటిచెట్లు కావాలన్నాడు. తాటిచెట్టు ఆటలో లేదు, కొబ్బరి ఉంది. కొబ్బరినే తాడి అనుకుందామన్నాడు. బావి పక్క మడి వంకరగా ఉండాలి. ఒక గడి ఏమీ వేయకుండా వదిలేయాలి. ఎందుకంటే, "అది పోశమ్మ జాగ. దున్నద్దు," అన్నాడు.

అప్పుడు అర్థమైంది. అది మా ఊరి చేను. నేను అయిదో తరగతి దాకా సెలవులకు పోయి తాటిముంజలు తిన్న చేను. ఇప్పుడక్కడ ఓపెన్ కాస్టు గని. మా బావి ఉన్నచోటు ఇప్పుడు బావి కంటే లోతు.

అమ్మ వచ్చి తెర వైపు చూసింది. తర్వాత, "ఇందుల తంగేడు లేదా? గునుగు లేదా? ఇదేం చేను," అని వెళ్ళిపోయింది.

జూలై 28

ఈ ఆటలో పక్క పొలంవాళ్ళు లేకపోతే ముందుకు పోలేము. మన చేనుకు వాళ్ళు నీళ్ళు పెడతారు, వాళ్ళ చేనుకు మనం ఎరువు వేస్తాం. ఈ సంగతి బాపుకు చెప్పనవసరం లేకపోయింది. పక్క చెల్కవాడు లేని ఎవుసం ఎక్కడన్నా ఉంటదా అని ఆయనే అడిగాడు. నా స్టాఫ్ రూమువాళ్ళను కలిపాను. ఒక్కరూ సరిగా చేయరని ఆయన ఫిర్యాదు.

ఇవాళ బాపు ఐడీకి ఒక రిక్వెస్టు వచ్చింది. గులాబి పువ్వు ఫోటో. పేరు ఇంగ్లీషులో: యమున, నస్పూర్.

యమున వదిన అని తెలుస్తూనే ఉంది. పెద్దబాపు కోడలు. పెద్దబాపు అంటే బాపు అన్న.

మా ఇంట్లో నస్పూర్ అనే మాట అనరు. అమ్మ మంచిర్యాల పోవాల్సి వస్తే "అటు పోయొస్త" అంటుంది. గోదావరి దాటిందంతా మాకు "అటు". చేను ఇద్దరన్నదమ్ములది, కాగితం పెద్దబాపు పేరు మీద ఉండేది. భూమి కింద, అంటే గనికి భూమి ఇచ్చినందుకు బదులుగా, ఆయనకు నౌకరి వచ్చింది, పంపు ఆపరేటరుగా. చేరాలంటే చేను అప్పజెప్పాలి. వరి పొట్ట మీద ఉంది. కోసేదాకా ఆగమని బాపు అడిగాడట, ఆగుతానన్నాడట పెద్దబాపు. ఆ రోజు బాపు మొదటి షిఫ్టు చేసి, సైకిలు మీద ఊరికి పోయేసరికి పొట్టకొచ్చిన వరిలో డోజర్ తిరుగుతోంది. గట్టు మీద పెద్దబాపు నిలబడి ఉన్నాడు.

అంతే. ఆ తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడలేదు. చావులకు ఇద్దరూ వెళ్తారు, చెరోవైపు నిలబడతారు.

రిక్వెస్టు ఒప్పుకున్నాను. పక్క పొలాల లెక్క కోసమే. ఇందులో దాచిపెట్టడమేమీ లేదు. గులాబి ఎవరిది అని బాపు అడిగితే చెప్పేదాన్ని. అడగలేదు.

ఆగస్టు 2

అడిగాడు. "మంచిర్యాల దిక్కు" అని చెప్పాను. అబద్ధం కాదు కదా.

ఆగస్టు 9

బాపుకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఆయన ఆమెకు పెట్టిన పేరు గులాబామె. గులాబామె మంచి రైతు. గులాబామె పొద్దున్నే నీళ్ళు పెట్టిపోయింది. గులాబామె దూడనిచ్చింది, మనం ఏమన్నా పంపకపోతే బాగుండదు, రమా, ఒక మామిడి మొక్క పంపు.

మొదట్లో అమ్మ నవ్వింది. ఇవాళ నవ్వలేదు. కూరలో ఉప్పు వేయలేదు, వేయలేదని బాపుకు తెలియలేదు కూడా.

"ఇన్నేండ్లు బొగ్గు మోసినప్పుడు పువ్వు గుర్తుకురాలే. ఇప్పుడు గులాబి గావల్సచ్చింది," అంది గిన్నెలతో.

బాపు తెర మీదినుంచి కళ్ళు తీయకుండా, "ఆమె మంచిగ జేస్తదే. నీకేం తెలుసు," అన్నాడు.

గిన్నెల చప్పుడు ఎక్కువైంది.

ఆగస్టు 15

జెండా వందనం, చాక్లెట్లు.

మూలమీది ఇంట్లో పెళ్ళికి పోవాల్సి వచ్చి బాపు చేనును పోశం కాకకు అప్పజెప్పాడు. పోశం కాక మా పక్కింటాయన, నిరుడు రిటైరయ్యాడు, యూనియన్‌లో పిట్ సెక్రటరీగా ఉండేవాడు. గనిలో ఒక షిఫ్టువాళ్ళు ఇంకో షిఫ్టువాళ్ళకు పని చేతిలో పెట్టినట్టే పెట్టాడు బాపు. కుర్చీలోంచి లేవకముందే, ఎక్కడిదాకా అయింది, ఏ మూల చూసుకోవాలి, ఏ మడి ముట్టద్దు అన్నీ చెప్పి, ఆయన కూర్చున్నాకే లేచాడు. పెళ్ళి నుంచి వచ్చేసరికి పోశం కాక పోశమ్మ జాగాలో స్ట్రాబెర్రీ వేశాడు. పెద్ద గొడవ. సాయంత్రానికి రాజీ.

ఇప్పుడు మొదటి షిఫ్టు బాపుది, రెండో షిఫ్టు పోశం కాకది. నైట్ షిఫ్టుకు అమ్మను అడిగారు. అమ్మ అన్నది రాయను.

చదివింది: పోశం కాక టీ తాగడానికి లేచినప్పుడు, పంచాయతీరాజ్.

ఆగస్టు 21

ఇవాళ గులాబామె పొలంలోకి వెళ్ళి చూశాను. బాపు పడుకున్నాడు, ఎరువు నన్ను వేయమన్నాడు.

బావి ఈ మూలకు ఉంది. గట్టు మీద వరసగా కొబ్బరిచెట్లు. బావి పక్క మడి వంకర. ఒక గడి ఖాళీ.

యమున వదిన ఆ చేను ఎప్పుడూ చూడలేదు. ఆమె పెళ్ళయ్యేనాటికి అది గని.

కంప్యూటర్ ఆపేసి కాసేపు బయట నిలబడ్డాను.

ఆగస్టు 22

యమున వదినతో చాట్ చేశాను. వాళ్ళ ఇంటి పెళ్ళిళ్ళకు మేము పోము కాబట్టి నేనామెను ఒక్క చావులో దూరంగా చూశాను, అంతే. కానీ చాట్‌లో మొదటి నిమిషం నుంచే చనువుగా మాట్లాడింది.

ఆడేది ఆమె కాదు. ఐడీ ఆమెది. ఆడేది పెద్దబాపు. డ్యూటీ దిగి రాగానే కాళ్ళు కడుక్కుని కూర్చుంటాడట. పెద్దబాపుకు ఇంకా సర్వీసు ఉంది. భూమి కింద నౌకరికి చేరేటప్పుడు వయసు తక్కువ కావాలంటే, ఆయన తన తమ్ముడి వయసు చెప్పాడు. అన్న వయసుతో తమ్ముడు ఇంట్లో కూర్చున్నాడు, తమ్ముడి వయసుతో అన్న ఇంకా పంపు నడుపుతున్నాడు.

పక్క పొలం ఎవరిదో ఆయనకు తెలుసా అని అడిగాను. తెలియదంది. "దండ వేసుకున్నాయన" అని పిలుస్తాడట. కళ్ళు సరిగా కనబడవు, ఫోటో చిన్నది, గుర్తుపట్టలేదంది. రిక్వెస్టు ఆమే పంపింది, మామ తనకు మంచి పక్కవాళ్ళు లేరని గోల పెడుతుంటే. నాలాగే, లెక్క కోసం.

ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం, ఆమె మామకు చెప్పదు, నేను బాపుకు చెప్పను.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. బాపు మౌసు వదిలేస్తాడు. మళ్ళీ సైరన్‌కు లేచి కూర్చునే మనిషి అవుతాడు. పొద్దున లేస్తూనే, "గులాబామె లేచిందో లేదో చూడు" అనే మనిషిని నేను పోగొట్టుకోలేను. ఇది అబద్ధం కాదు, మందు.

ఆగస్టు 30

మందు బాగా పనిచేస్తోంది. బాపు గులాబామె చేనును రోజూ చూస్తాడు. ఎక్కడికక్కడ నిలబడిపోయి చూస్తాడు. "మంచిగ పెట్టింది," అంటాడు, ఇంకేమీ అనడు.

నాకు భయం వేసి తెర ముందుకు వచ్చి ఏదో ఒకటి అడుగుతాను.

సెప్టెంబరు 6

అమ్మ నన్ను పక్కకు పిలిచి, గులాబామెకు మొగుడు ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడని చెప్పాను. పిల్లలు? ఉన్నారు. మరి ఇంట్ల పని లేదా ఆమెకు, అంది అమ్మ.

నవ్వు ఆపుకోవడం చాలా కష్టం.

సెప్టెంబరు 13

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. గనులు బంద్. సైరన్ మోగలేదు. బళ్ళు కూడా మూతపడ్డాయి, నాకూ సెలవే. చౌరస్తాలో టెంటు, పాటలు, వంటావార్పు. అమ్మ, నేను పోయి కూర్చొచ్చాం.

బాపు కూడా వచ్చాడు. టెంటులో అందరూ ఎన్నో షిఫ్టు, ఏ గని అని మాట్లాడుకుంటున్నారు. ఎవరో బాపును అడిగితే, "రిటైరైన" అన్నాడు. ఆ మాట అన్నాక ఎక్కువసేపు కూర్చోలేదు.

సెప్టెంబరు 14

పొద్దున బాపు కంప్యూటర్ ముందుకు పోలేదు. వరి కోతకొచ్చింది బాపూ అన్నాను.

"కొయ్య. సమ్మెల ఉన్న," అన్నాడు.

అది ఆట కదా అన్నాను.

"గనులోళ్ళు పని బందువెట్టిన్రు. బడిపంతుళ్ళు బందువెట్టిన్రు. నాకున్న పని ఇదొక్కటే. ఇదే బందువెడుత."

పోశం కాక విని, ఆయన నిర్ణయాన్ని బలపరుస్తున్నానన్నాడు. రెండో షిఫ్టు కూడా బంద్. పేపరు మీద "సమ్మె" అని రాసి కంప్యూటర్‌కు అంటించారు. నేను చదువుకోవచ్చా అంటే, పికెటింగ్ దాటకూడదన్నారు.

సెప్టెంబరు 17

కరెంటు తయారయ్యే ఊళ్ళో పగలంతా కరెంటు లేదు.

వచ్చాక చూశాను. వరి వాడుతోంది. ఈ ఆటలో కోతకొచ్చిన పంట కోయకపోతే గోధుమరంగులోకి తిరిగి తల వంచేస్తుంది. బాపు గదిలోకి వచ్చాడు, చూశాడు, వెళ్ళిపోయాడు. మళ్ళీ వచ్చాడు. నీళ్ళ గ్లాసు కోసం వచ్చానన్నాడు. నీళ్ళు వంటింట్లో ఉంటాయి.

సమ్మె మీద సమ్మెకారుడికి ఇంత బాధ ఉంటుందని నాకు తెలియదు.

సెప్టెంబరు 18

పొద్దున తెరిస్తే చేను మొత్తం పచ్చగా ఉంది.

ఆటలో పక్కవాళ్ళు నీళ్ళు పెడితే వాడిన పంట లేస్తుంది. తెర మీద ఇంగ్లీషులో వచ్చింది: నీ పక్కవారు నీ పొలమంతటికీ నీళ్ళు పెట్టారు. పక్కన గులాబి.

బాపుకు ఇంగ్లీషు అక్కర్లేదు, గులాబి చాలు. ఆయన ముఖం ఎర్రబడడం చూశాను. పోశం కాకను పిలిచాడు. ఇద్దరూ తెర ముందు నిలబడ్డారు. సమ్మెలో పని చేసినవాణ్ణి ఏమంటారో పోశం కాక అన్నాడు. యూనియన్ మాటలు, డైరీలో రాసేవి కావు. అమ్మ మాత్రం నేను ముందే చెప్పిన గాదా అన్నట్టు చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఫోను తే," అన్నాడు బాపు నాతో.

ఎవరికి అన్నాను.

"నస్పూర్ కలుపు."

మా ఇంట్లో ఆ మాట. అమ్మ చేతులు కిందికి దిగాయి. నస్పూర్‌లో ఎవరికి బాపూ అన్నాను.

"ఎవలకేంది? గులాబామెకు."

యమున వదిన నంబరు నొక్కాను. ఆమె ఎత్తింది. బాపు మాట్లాడతాడట అని మాత్రం చెప్పగలిగాను. అటువైపు ఫోను చేతులు మారిన చప్పుడు. నాకు తెలియకుండానే స్పీకర్ నొక్కి బాపు చేతికిచ్చాను.

"సమ్మె నడుస్తున్నదని ఎరికలేదా నీకు?" అన్నాడు బాపు. ఇన్నేళ్ళ తర్వాత అన్నతో మాట్లాడిన మొదటి మాట.

అటువైపు ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడింది.

"ఎవలు, సదయ్యనా?" అని బాపును పేరు పెట్టి అడిగాడు పెద్దబాపు.

"నా చేన్ల నీళ్ళు పెట్టుమని ఎవలు జెప్పిన్రు? జనమంత పని బందువెట్టి తొవ్వల కూసుంటె, నువ్వు నీళ్ళు పెడ్తవా? సమ్మె ఖరాబ్ జేస్తవా?"

"నేను పంపోన్నిరా," అన్నాడు పెద్దబాపు.

బాపు ఫోను ఇంకో చెవికి మార్చాడు.

"ఇయ్యాల గూడ డ్యూటీ చేసే వచ్చిన. పంపు బందువెడితె గనంత మునుగదా? రేపు సమ్మె అయిపోయినంక దేంట్ల దిగుతరు? ఏ సమ్మెలన్న యూనియనోళ్ళే దగ్గరుండి తోలుతరు పంపోన్ని. అడుగు, నీ పక్కకు ఎవలన్న ఉంటె అడుగు."

బాపు పోశం కాక వైపు చూశాడు. పోశం కాక తల గీక్కున్నాడు. పొద్దుటి నుంచి ఆయనే ఎక్కువ తిట్టాడు.

"గది నిజమే సదన్నా," అన్నాడు మెల్లగా. "పంపు డ్యూటీకి సమ్మె లేదు."

అటువైపు నుంచి పెద్దబాపు గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి తగ్గింది.

"పొట్టకచ్చిన వరి పోవుడు ఒక్కపారి చూసిన. మల్ల చూడబుద్ధి గాలే."

బాపు ఫోను చెవి దగ్గర అలాగే పట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. స్పీకర్లో ఉందని, చెవికి ఆనించక్కర్లేదని ఎవరం చెప్పలేదు.

అలా చూస్తూనే అన్నాడు. "నీళ్ళు మస్తయినయ్. వంకర మడిల నిలుస్తున్నయ్. చూసి పెట్టు."

ఫోను నా చేతిలో పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

అదే రోజు, తర్వాత

అమ్మకు ఇప్పుడు అర్థమైంది, ఇన్ని రోజులూ తాను తిట్టింది తన బావను అని. ఎవరి ఎదుట తానెప్పుడూ కూర్చోలేదో ఆ మనిషిని. ఫోను వైపు చూసి కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

సాయంత్రం బాపును అడిగాను, నీకు ఎప్పటి నుంచి తెలుసని.

"బావి ఎటుదిక్కున్నదో చూస్తలేనా?" అన్నాడు.

మరి గులాబామె, గులాబామె అన్నావు కదా అన్నాను.

"మరి ఏమనాలె? మాట్లాడుత లేను గదా."

యమున వదినకు చెప్పాను. పెద్దబాపుకూ మొదటి రోజు నుంచే తెలుసట. దండ వేసుకున్నాయన అని ఎందుకన్నావంటే, మీరు భయపడుతున్నరని ఊకున్న అన్నాడట. వదినా నేనూ ఒట్టు పెట్టుకున్నాం. ఎంత జాగ్రత్తగా ఉన్నాం.

సెప్టెంబరు 27

రోజులు గడుస్తున్నాయి, మళ్ళీ ఫోను రాలేదు. బాపు చేయలేదు. ఆటలో మాత్రం నీళ్ళు వస్తున్నాయి, వరి కోయకుండా నిలబడే ఉంది, సమ్మె నడుస్తూనే ఉంది.

దసరా దగ్గరికొస్తోంది. జమ్మి చేతిలో పెట్టడానికి చిన్నవాడు పెద్దవాడి ఇంటికి పోవాలి. బాపు పోతాడా అని నేను అడగలేదు. అమ్మ అడిగింది.

"నేనే ఎందుకు పోవాలె? తప్పు నాదా?" అన్నాడు.

తప్పు కాదు, రివాజు అంది అమ్మ.

"రివాజు పొట్టకచ్చిన వరికి లేదా?"

భయమేస్తోంది. ఫోనులో అంత దూరం వచ్చి, గోదావరి దగ్గర ఆగిపోయారు.

అక్టోబరు 4

బతుకమ్మ. తంగేడు దొరికింది, గునుగు దొరికింది. ఆడుతుంటే అమ్మ నా చెవిలో అంది, పోయినా పోకున్నా బాపు కొత్త అంగీ మాత్రం కుట్టించుకున్నాడట.

అక్టోబరు 6, దసరా

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం బాపు కొత్త అంగీ తొడుక్కున్నాడు. గడప దగ్గర నిలబడ్డాడు. బస్సులు లేవు అన్నాడు. ఆటోవాడు రాడు అన్నాడు. పోశం కాక తన టీవీఎస్ ఉంది, నేను తోలుత అన్నాడు. నీ బండి బ్రిడ్జి ఎక్కదు అన్నాడు బాపు. చెప్పులు వేసుకున్నాడు. విప్పాడు. జమ్మి ఆకు చేతిలో నలుగుతోంది.

ఇంటి ముందు ఒక మోటారుసైకిల్ ఆగింది. నడుపుతున్నది యమున వదిన భర్త. వెనక ఒక పెద్దమనిషి, నూనె మరకల డ్యూటీ చొక్కాతో, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా దిగాడు. ఎటునుంచి చూసినా బాపే. కాకపోతే కాస్త ముందుకు వంగిన బాపు.

బాపు గడపలోనే బిగుసుకుపోయాడు. పెద్దబాపు లోపలికి రాలేదు. మెట్ల కింద నిలబడి జేబులోంచి జమ్మి ఆకు తీశాడు.

"డ్యూటీ దిగి సీదా వచ్చిన," అన్నాడు.

బాపు తన చేతిలోని ఆకు వైపు, ఆయన చేతిలోని ఆకు వైపు చూశాడు. చివరికి, "నువ్వెందుకచ్చినవ్? చిన్నోడు రావాలె గదా," అన్నాడు.

"కాయిదాల చూడు. పెద్దోనివి నువ్వే. నీకు అరవై నిండి ఇంటికాడ గూసున్నవ్. నాకింక సర్వీసు ఉన్నది." పెద్దబాపు నవ్వలేదు, కానీ మీసం కదిలింది. "చిన్నోన్ని నేనే. అందుకే వచ్చిన."

ఆకు బాపు చేతిలో పెట్టి, ఆయన కాళ్ళ మీదికి వంగబోయాడు.

బాపు రెండు మెట్లూ ఒక్కసారే దిగి ఆయన భుజాలు పట్టేసుకున్నాడు. "పిచ్చి లేసిందా నీకు," అన్నాడు. ఇంకా ఏదో అన్నాడు, అది అన్న చొక్కాలోకి వెళ్ళిపోయింది, నాకు వినబడలేదు. నలిగిన జమ్మి ఆకు ఎప్పుడు పెద్దబాపు చేతిలోకి పోయిందో కూడా చూడలేదు. బాపు కొత్త అంగీ భుజం మీద ఇప్పుడు పంపు నూనె మరక ఉంది. అమ్మ ఉతుకుతానంటే ఇవ్వడం లేదు.

భోజనాలయ్యాక ఇద్దరూ ముందుగదిలో కూర్చున్నారు. సకినాలు తిన్నారు. చివరికి పెద్దబాపు కంప్యూటర్ వైపు చూశాడు. దాని మీద "సమ్మె" కాగితం.

"వరి ఇంక నిలవడ్డదా?" అన్నాడు.

నిలబడింది, నువ్వు నీళ్ళు పెడుతుంటే ఎందుకు నిలబడదు అన్నాడు బాపు. కోద్దామా అన్నాడు పెద్దబాపు. సమ్మె కదా అన్నాడు బాపు. ఇద్దరూ పోశం కాక వైపు చూశారు. పోశం కాక గొంతు సవరించుకున్నాడు. నీళ్ళు పెట్టుడు పంపు డ్యూటీ అయితే, పెట్టిన నీళ్ళకు పండిన పంట కోసుడు కూడా పంపు డ్యూటీ కిందికే వస్తదని తీర్పు చెప్పాడు. యూనియన్‌లో ఆయన ఎందుకు అన్ని ఎలక్షన్లు గెలిచాడో అర్థమైంది.

కాగితం నేనే తీశాను. చింపలేదు, మడిచి పెట్టాను, సమ్మె ఇంకా ఉంది.

మౌసు బాపు పట్టుకున్నాడు. గడి గడి కోశాడు. పెద్దబాపు పక్కన కూర్చుని, ఆ మూల ఇడిచిపెడుతున్నవ్, గట్టు పొంటి చూడు, అని వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు. బాపు ఒక్క మాట ఎదురు చెప్పలేదు. చివరికి బావి పక్క వంకర మడి మిగిలింది. బాపు లేచాడు. షిఫ్టు మారినప్పుడు నిలబడినట్టు కుర్చీ పక్కన నిలబడ్డాడు.

"ఇగ నువ్వు కొయ్యి, అన్నా."

అక్టోబరు 9

చదివింది: ఏమీ లేదు.

రెండు రోజుల నుంచి ఫోనులో గొడవ. అంతా కోశాక ఏం వేయాలని. పెద్దబాపు పత్తి అంటున్నాడు, బాపు మళ్ళీ వరే అంటున్నాడు. నీ వయసెంత నా వయసెంత అని ఒకరు, కాయిదాల చూడు అని ఇంకొకరు. పోశం కాక మధ్యవర్తి.

"మాట్లాడకున్నప్పుడే నిమ్మలముండె," అంది అమ్మ. కూరలో ఉప్పు సరిగ్గా ఉంది.